ఇంకో బస్తా మట్టి

మొక్కల దుకాణం. గల్లా దగ్గర ఆమె. ఎదురుగా నిఘంటువు ఆఫీసులో పనిచేసే ఆయన. కుండీల చాటున ఆమె పిన్ని.

"మళ్లీ మట్టేనా మాస్టారూ?"

"మట్టేనండి. ఒక బస్తా. ఎర్రది."

"పోయినవారం పట్టుకెళ్లింది?"

"వాడేశానండి."

"ఏ మొక్కకి?"

"మొక్కకి... అంటే... మొక్కకే."

"దానికో పేరుంటుందిగా!"

"అసలు నేనొచ్చింది మట్టి కోసం కాదండీ, మట్టి అనే మాట కోసం. నిఘంటువులో 'మ' అక్షరం నాదని చెప్పాగా. బండి మట్టి దగ్గర ఆగిపోయింది."

"పోయినవారమూ అక్కడే ఆగింది."

"దానికి వాడుకలు ఎక్కువండి."

"సరే, రాసుకోండి. తెలివిలేనివాడి తలలో ఉండేది..."

"మట్టి. అది మొదటిరోజే చెప్పారు. నన్ను చూస్తూ."

"ఒకడి బతుకుతెరువు పోగొడితే..."

"నోట్లో మట్టి కొట్టడం. ఉంది."

"చిత్తుగా ఓడిపోతే మట్టి కరవడం."

"అదీ ఉంది."

"మరి నాలాంటివాళ్లు? మట్టిమనుషులు. అది రాశారా?"

"మిమ్మల్ని రాయాలంటే చెయ్యి ఆడట్లేదండి."

"ఆఁ?"

"అదే, మీలాంటివాళ్లని. కలం బాలేదు."

"పిన్నీ, నవ్వకు! ఇక్కడ బేరం నడుస్తోంది."

"నేనెక్కడ నవ్వానే? దగ్గొచ్చింది."

"పోనీ ఇదుందా మాస్టారూ? పోయినవాళ్లని పాతిపెట్టొచ్చి, మట్టి చేసొచ్చాం అంటారు చూడండి."

"అయ్యో, శుభమా అని మాట్లాడుకుంటుంటే అదెందుకండీ!"

"ఏం శుభం?"

"ఏదో, మాటవరసకి."

"మాటవరసకా, వరస కలపడానికా?"

"వరసకే... కాదు కాదు, మాటకే! మంచినీళ్లున్నాయా అండీ?"

"పిన్నీ, మళ్లీ దగ్గొచ్చిందా?"

"తగ్గేలా లేదే, కానివ్వండి."

"ఇదిగో నీళ్లు. మాస్టారూ, పొద్దున మీ ఆఫీసుకి ఫోన్ చేశాను."

"మా ఆఫీసుకా? ఎందుకండీ?"

"ఇంకో వాడుక తట్టింది, చెబుదామని. 'మ' ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు 'స' నడుస్తోంది అన్నారు."

"నీళ్లు పొలమారాయండి, ఒక్క నిమిషం."

"మరి బస్తాలన్నీ ఏమయ్యాయి?"

"మంచం కింద ఉన్నాయండి. పట్టక కొన్ని వంటింట్లో పెట్టాను."

"మొక్కలు?"

"ఒక్కటీ లేదండి. నీళ్లు పోయడం కూడా సరిగ్గా రాదు నాకు."

"మేడమీది మీ ఇంటికి అన్నన్ని మెట్లెక్కి మోసుకెళ్లారా!"

"దించుకుంటూ, మోసుకుంటూ. సరేనండీ, వెళ్లొస్తాను. కాదు, వెళ్తాను. ఇక రాను."

"ఏం, ఎందుకు రారు?"

"పరువు మట్టిలో కలిసిపోయాక ఏ మొహం పెట్టుకుని రానండీ? మిమ్మల్ని ఊరికే శ్రమపెట్టాను. ఏమీ అనుకోకండి."

"అది కాదు మాస్టారూ... ఒక్కమాట... అబ్బా, పిన్నీ!"

"నన్ను పిలుస్తావేమే? నోరు నీకూ ఉందిగా!"

"నాకు రావట్లేదు!"

"అయితే నేనే చెప్తా. ఆగవయ్యా బాబూ, గుమ్మం దాటకు. మేం మట్టి అమ్మడం ఎప్పుడో మానేశాం. ఈ పిల్లే ప్రతివారం అవతలి వీధి కొట్లో కొని, నువ్వొచ్చే వేళకి మోసుకొచ్చి పెడుతోంది!"