వంకరగా అతికిన ఎముక

పటగోనియా ఎర్రమట్టి గుట్టల్లో బయటపడిన డైనోసార్ కాలెముకకి, గాలి ముదిరేలోపు ప్లాస్టర్ కట్టేయాలని అక్కా తమ్ముడూ తొందరపడుతున్నారు.

"ప్లాస్టర్లో ముంచి చుట్టాలి, ఆ గోనెపట్టా అందుకోరా! మళ్లీ కుంటుతున్నావేం?"

"బూటు కరుస్తోందక్కా, అంతే."

"నెల నుంచీ కరుస్తూనే ఉందా? బండి తాళాలియ్యి, సపాలా టౌన్లో ఆసుపత్రికి తీసుకెళ్తాను."

"నీకా? మొన్న నువ్వు నడిపితే మేకల దొడ్లో తేలాం. నా బండి నేనే నడుపుతా."

"సరే, పట్టా చుట్టేముందు ఇది చూడు. ఎముక ఇక్కడ విరిగి వంకరగా అతుక్కుంది."

"చూశావా! డాక్టరు లేడు, సూది లేదు. దానంతటదే అతుక్కుంది."

"పక్కనే ఈ కన్నం చూడు. లోపల చీము పట్టి, బయటికి దారి చేసుకుంది."

"అయినా బతికిందిగా?"

"కుంటుతూ బతికింది. పక్కన దొరికిన దీని రెండో కాలెముక ఎంత లావెక్కిందో చూడు, బరువంతా అదే మోసింది. నీ ఎడమ బూటు మడమ అరిగినట్టే."

"నా బూట్లతో నీకేం పని? బకెట్లో ప్లాస్టర్ గట్టిపడిపోతోంది, కానియ్!"

"ఇవి పంటిగాట్లు. ఇవి మాత్రం మానలేదు."

"చచ్చాక వేరే జంతువులు వచ్చి కొరికాయేమో."

"కావచ్చు. దీని మంద మొత్తం వెళ్లిపోయింది, ఇదొక్కటే ఇక్కడ మిగిలింది. ఎందుకంటావ్?"

"పొద్దున మేజోడు విప్పితే చీము కనిపించిందక్కా."

"ఆ పట్టా కొస పట్టుకో, చుట్టేద్దాం."

"ప్లాస్టర్ ఆరిందా?"

"ఆరింది."

"ఇందా, తాళాలు. నువ్వే నడుపు."