చెవుల పరీక్ష

ఆకాశం నుంచి దిగినవాళ్ళతో యుద్ధం సాగుతోంది. కాలూ చేయీ ఆడే ప్రతి కుర్రాణ్ణీ సైన్యంలోకి లాక్కుపోతున్నారు. వైద్య పరీక్షల కోసం బడిలో ఒక తరగతి గది ఖాళీ చేయించారు. బల్ల మీద కూర్చున్న కుర్రాడు పరీక్ష చేస్తున్న డాక్టరుకు సొంత బావమరిది. ఆ సంగతి వాళ్ళిద్దరికి తప్ప అక్కడెవరికీ తెలియదు.

"అదిగో, మళ్ళీ తిరిగావు!"

"వెనకాల పళ్ళెం అలా పడేస్తే తిరగనా బావా? గుండె జారిపోయింది."

"చెవిటివాడికి జారదు. దిమ్మలా కూర్చోవాలి. అయినా నీకిది కొత్తా? చిన్నప్పట్నుంచీ మీ అక్క పిలిస్తే ఏనాడు పలికావు గనక!"

"అక్కే పంపింది. మీ బావ ఉండగా నీకేం భయంరా అంది."

"అనకేం చేస్తుంది! వారం రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. సరే, విను. బాంబు మోతకి నీ చెవులు పోయాయని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేశాను. చెవిటివాళ్ళని ఇంటికి పంపేస్తారు. కానీ బయట మేజర్ ఉన్నాడు. వెనకనుంచి ఏదో ఒకటి అంటాడు. తిరిగావో..."

"తిరగను."

"ఇంకోటి. ఇక్కడ నేను నీకు బావను కాను. చుట్టానికి సంతకం పెట్టానని తెలిస్తే..."

"ఎవరికి తెలుస్తుందిలే బావా."

"మళ్ళీ బావా అంటాడు!"

"సరే సరే. డాక్టరు గారూ!"

"ష్. వస్తున్నాడు. కిటికీ వైపు తిరుగు."

"ఏం డాక్టర్, ఒక్కడికే ఇంతసేపా?"

"చెవుల కేసు మేజర్ గారూ. రెండూ పోయాయి."

"ఈమధ్య చెవిటివాళ్ళు పుట్టగొడుగుల్లా లేస్తున్నారు. ఒరేయ్ అబ్బాయ్! ఊహూ. వీడికి ఇంట్లో ఎవరున్నారు?"

"అక్క ఒక్కతే అన్నాడు సార్."

"ఒరేయ్, ఇందాకే మీ వీధి మీద నిప్పు కురిపించార్రా. మీ అక్క కాలి బొగ్గయిపోయింది. మిగిలింది చేటలో ఎత్తుకోవాలి, వెళ్తావా? ... నువ్వేంటి డాక్టర్, బల్ల పట్టుకున్నావు?"

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను సార్. అది... ఆ వీధి... నిజమేనా?"

"ఛ, ఉత్తిదే. నీకెందుకు? వీణ్ణి చూడు, ఈగ వాలినట్టు కూడా లేదు. మరి ఆ కళ్ళలో నీళ్ళేంటి?"

"చెవిలో మందు వేశాను సార్. మంటకి."

"భలే. అసలైన సరుకు. బండెక్కించండి."

"బండా? ఇంటికి కదా సార్ పంపేది?"

"అది నిన్నటి మాట. ఆ ఆకాశంవాళ్ళు ఇప్పుడు కాల్చడం మానేశారు డాక్టర్. కూస్తున్నారు. ఆ కూత చెవిన పడ్డవాడు తుపాకీ పారేసి, నవ్వుకుంటూ నడిచి వెళ్ళి వాళ్ళ చేతికి చిక్కుతున్నాడు. నా దళమంతా అలాగే పోయింది. అందుకే వినపడేవాళ్ళందర్నీ వెనక్కి పిలిచి ఫ్యాక్టరీల్లో వేస్తున్నాం. ముందు వరసకి ఇక చెవిటివాళ్ళే."

"మరి... పొరపాటున వినపడేవాడు ఆ వరసలోకి వెళ్తే?"

"బతికుండగానే తోలు ఒలుస్తారు. అప్పుడు కూడా వాడు నవ్వుతూనే ఉంటాడు. నేను దూరంనుంచి దుర్భిణిలో చూశాను. లేవరా, ఏయ్!"

"నాకు వినపడుతోంది! సార్, అంతా వినపడుతోంది సార్! కూత గురించి అన్నారు, మా అక్క గురించి అన్నారు... బావా, చెప్పు బావా!"

"బావేంటి డాక్టర్?"

"భయం సార్. చావు ముంచుకొస్తే దారిన పోయేవాణ్ణి కూడా బావా అంటారు."

"బావా! ఏంటి బావా అలా అంటావు? అక్క నన్ను నీ చేతిలో పెట్టింది కదా!"

"నోర్ముయ్ రా. ఇదిగో డాక్టర్, నా బండి కదలాలి. వీడికి వినపడితే వీడు ఫ్యాక్టరీకి పోతాడు, హాయిగా బతుకుతాడు. అప్పుడు నీది దొంగ సంతకం. దొంగ సంతకం పెట్టినవాళ్ళని ముందు వరసకి ఇంకా ముందు, ఎరగా నడిపిస్తున్నాం. వీడి చోట్లో నువ్వెక్కుతావు. ఎవరైనా నాకొకటే. చెప్పు, సంతకం నిజమా, దొంగదా?"

"సార్, అంటే... అదీ..."

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క మాట బావా. ఒక్క మాట!"

"ఒక్క మాటేగా డాక్టర్. చెప్పు."

"నిజమే సార్. కిటికీ అద్దంలో మీ పెదాలు చూసి మాట్లాడుతున్నాడు. వీడికి ఒక్క ముక్క వినపడదు."