మా బావ వేసిన జడ

ఏంటే, మొహం అలా పెట్టావ్? పిల్లాడు బొమ్మని జోకొడుతున్నాడని మీ అత్తగారు మళ్ళీ మొదలెట్టిందా? అననీలే, ఇలా వచ్చి కూర్చో. మా బావ సంగతి నీకెప్పుడైనా చెప్పానా? అదేనే, మా అక్క మొగుడు, తాళ్ళు పేనేవాడు. పోయి ఎన్నేళ్ళయిందో, ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వూ ఆగదు, ఏడుపూ ఆగదు. గుమ్మం పట్టనంత మనిషి. ఆయన చెయ్యి పట్టుకుంటే మన వేళ్ళు మళ్ళీ లెక్కపెట్టుకోవాల్సిందే. గొంతు మాత్రం ఇంతే, పిల్లి గొంతు. సర్లే, ఏం చెప్తున్నాను? ఆఁ, జడ.

అక్కకి మిల్లులో పొద్దుటి డ్యూటీ పడింది. పిల్లలు లేవకముందే వెళ్ళిపోయేది. ఇంక వాళ్ళిద్దర్నీ బడికి తయారుచేసే పని బావ నెత్తిన పడింది. పెద్దాడికి ఆరేళ్ళు, చిన్నదానికి నాలుగు. దానికేమో జుట్టు ఇంత ఒత్తు. బావకి జడేం తెలుసు? తనకొచ్చిన విద్యే చూపించాడు. జుట్టు తడిపి, మెలితిప్పి, పురి పెట్టి, విడిపోకూడదని కొసకి మైనం రాసిన దారం చుట్టి ముడి బిగించేశాడు. దాని కనుబొమ్మలు నెత్తికెక్కాయే! కళ్ళు మూతపడవు. "పిన్నీ, నిద్రొస్తే ఎలా?" అని పక్కింట్లోనే ఉండే నన్నడిగింది పాపం. నేను నవ్వలేక చచ్చి, కత్తెర తెచ్చాను. పెద్దాడు అడ్డమొచ్చాడు. "వద్దు పిన్నీ, నేను విప్పుతా." విప్పాడు. వాళ్ళమ్మ వేస్తుంటే ఎన్నిసార్లు చూశాడో ఏమో, మూడు పాయలు తీసి చక్కగా అల్లేశాడు కూడా. ఆ రోజు నుంచి రోజూ వాడే. నాలిక బయటపెట్టి మరీ అల్లేవాడు. ఎంత సంబరమో వాడికి.

ఊరుకుంటారా జనం? అందరికంటే ముందు మా అక్క అత్తగారు. "మగపిల్లాడి చేత జడలేయిస్తారా? రేపు వీడికి పిల్లనెవడిస్తాడు?" అని వీధి వీధంతా వినపడేలా. ఇంక వీధిలో పిల్లలకి వేరే చెప్పాలా, "జడలమ్మా, జడలమ్మా" అని వాడి వెంటపడ్డారు. మర్నాడు చిన్నది దువ్వెన పట్టుకొస్తే, వాడు రెండు చేతులూ తొడల కింద దాచుకుని "నాకు రాదు" అన్నాడు. నాకు రాదు అన్నాడే! బావ లేచాడు. ఇద్దర్నీ చెరో చంకన ఎత్తుకుని, దువ్వెన జేబులో పెట్టుకుని, తిన్నగా తాళ్ళ షెడ్డుకి నడిచాడు. ఏం కొంప ముంచుతాడో అని నేనూ వెనకాలే పరిగెత్తాను.

షెడ్డులో అందరూ మగాళ్ళే. వాళ్ళ మధ్యలో స్టూలేసి చిన్నదాన్ని కూర్చోబెట్టి, "ఒరేయ్, నాకు చేతకావట్లేదు, నేర్పించు" అన్నాడు కొడుకుతో. మేస్త్రీ ఉన్నాడే, వెటకారం మనిషి, "ఏం, రిబ్బను కూడా కడతావా?" అన్నాడు. "కడతాను, నీ తలకే. వచ్చి కూర్చో" అన్నాడు బావ, ఆ పిల్లి గొంతుతోనే. మేస్త్రీది బట్టతల. షెడ్డు గొల్లుమంది. పెద్దాడు మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వాళ్ళ నాయనమ్మ, కొడుకు మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని దిగింది. అయిపోయింది, ఇంకేముంది అనుకున్నాను. బావ ఆవిణ్ణి చూశాడు, చూసి కూడా ఆపలేదు. పాయలు తీసి, అలవాటు కొద్దీ ఒక్క లాగు లాగాడు. చిన్నది "అబ్బా!" అంది. అంతే, పెద్దాడు ఉండబట్టలేక ఒక్క గెంతున వచ్చి వాళ్ళ నాన్న చేతి మీద ఒక్కటిచ్చాడు. "అలా కాదు! అది తాడు కాదు నాన్నా, చెల్లి!"

ఎవరూ నవ్వలేదే. వాడు అల్లుతుంటే బావ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిన్న చిన్న వేళ్ళనే చూస్తున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. వాళ్ళ నాయనమ్మ చూసి చూసి క్యారేజీ కింద పెట్టింది. దగ్గరికొచ్చి వంగింది. కొడుతుందేమో అనుకున్నాను నేను.

"కొస దగ్గర వదులైందిరా బంగారం, ఇంకోసారి అల్లు" అంది.

ఊఁ... కాసిని మంచినీళ్ళు తేవే.