పన్నెండు డిగ్రీల ముక్క

బడి వదిలేశారు. తొమ్మిదో తరగతి గదిలో కొత్తగా చేరిన లెక్కల టీచరు, అట్ట మీదకి వంగిన ఒక పిల్ల, ఇద్దరే మిగిలారు.

“వృత్తం గీయమంటే కోడిగుడ్డు పెట్టావేమిటే, పొడుగుజడా?”

“కంపాస్ జారిందండీ.”

“కంపాస్‌కేం, బాగానే ఉంది. నీ ధ్యాసే ఎక్కడో ఉంది. సరే, పెట్టిన గుడ్డునే పొదుగుదాం. క్లాసులో ఎంతమంది?”

“ముప్ఫై మంది.”

“వృత్తం మొత్తం మూడొందల అరవై డిగ్రీలు. ఒక్కొక్కరి వాటా?”

“పన్నెండు డిగ్రీలు.”

“అదీ! పై చార్టంటే ఇంతే, పంపకాల గొడవ. ఇప్పుడు బోర్డు చూసి చెప్పు. ఇంటికెళ్లగానే మొదట ఎవరెవరు ఏం చేస్తారట?”

“టీవీ చూసేవాళ్లు పదిమంది, నూట ఇరవై డిగ్రీలు. ఆట ఎనిమిది, తొంభై ఆరు. ఇంటిపని ఆరుగురు, డెబ్బై రెండు. నిద్ర ఐదుగురు, అరవై. అంతే టీచర్.”

“అంతేనా? మరి నీ గుడ్డులో ఈ సందెందుకు మిగిలింది? అడుగున ఇంకో వరసుందిగా, చదువు.”

“అది... ఎవరో సరదాకి రాశారండీ.”

“చదవమన్నాను.”

“దాక్కుంటాను.”

“ఒకే ఒక్క గీత. నేనేమో మహా తెలివిగా అందర్నీ తలలు బెంచీకి ఆనించమని, ఒక్కొక్కరే వచ్చి గీత పెట్టమని, గోడవైపు తిరిగి నిలబడ్డాను. మొహమాటం లేకుండా నిజం రాస్తారని. రాశారు. ఎవరో మాత్రం తెలీదు.”

“ఆటలో కలిపేయనా టీచర్? దాగుడుమూతలేమో...”

“దాగుడుమూతలైతే ఆట పక్కనే గీత పెట్టుండేవాళ్లు. పనిగట్టుకుని కొత్త వరస రాయరు. ఇంట్లో ఎవరికో భయపడి దాక్కునే బిడ్డ ఈ క్లాసులో ఉంది, పొడుగుజడా. అదెవరో తేలేదాకా నాకు ముద్ద దిగదు. నీకేమన్నా తెలుసా?”

“నా తలా బెంచీ మీదే ఉంది కదండీ.”

“బెల్లు కొట్టాక కూడా ఇంటికి కదలకుండా కాళ్లీడ్చేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?”

“ఈ ముక్కకి పచ్చరంగు వేయనా, నీలమా?”

“నేనేం అడుగుతున్నాను, నువ్వేం...”

“ఏమండీ టీచర్ గారూ, ఇంకా తెమల్లేదా? తాళాలవాడు ఎదురుచూస్తున్నాడు.”

“రండి హెడ్మాస్టర్ గారూ, సమయానికొచ్చారు. బోర్డు మీద ఆ ఆఖరి వరస చూడండి.”

“ఊఁ.”

“చూశారా?”

“చూశాను. ఆకతాయితనం. ఒక్కటేగా, ‘ఇతరములు’ అని పడేయండి. చిన్నాచితకా అన్నీ అందులోకే పోతాయి.”

“అయ్యో, తుడిచేస్తున్నారేమిటండీ! అదీ అరచేత్తో! డస్టరిక్కడే ఉందిగా!”

“పైవాళ్లొచ్చి చూస్తే బడి పరువు పోదూ? ఏమ్మాయ్, నీకింకా ఇక్కడేం పని?”

“రంగులు... సార్.”

“చాల్లే. సంచి సర్దుకో.”

“సర్దుకుంటున్నా సార్.”

“గేటు దగ్గరుంటాను. తొందరగా కానివ్వండి.”

“వెళ్లారు మహానుభావుడు. పరువట పరువు! తుడిచేస్తే బోర్డు శుభ్రమవుతుంది గానీ ఆ బిడ్డ గతేం కాను? వినవే, నువ్వు దానికి ఎర్ర రంగే వెయ్యి. ఇతరములూ వద్దు, చుట్టములూ వద్దు.”

“సార్ కోప్పడతారు.”

“నన్నేగా కోప్పడేది. పైకలా అంటారు గానీ, చేరి వారమైంది, చూస్తున్నాగా, క్రమశిక్షణ గల మనిషి. తుడిచేసినా ఆ అక్షరాల వాటం నా కళ్లముందే ఉంది, రేపు ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని అందరి రాతా దాంతో పోల్చి చూస్తాను. దొరక్కపోతుందా?”

“వద్దు టీచర్.”

“తిట్టడానిక్కాదే. ఆ పిల్ల అమ్మనీ నాన్ననీ పిలిపించి, హెడ్మాస్టర్ గారి చేత గట్టిగా నాలుగు...”

“వద్దండీ, మీకు దణ్ణం పెడతాను. పోల్చక్కర్లేదు.”

“ఏం, ఎందుకని?”

“సార్ చూడగానే పోల్చేశారు టీచర్. చెయ్యి పట్టుకుని నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. బళ్లో నాన్నా అని పిలవకూడదు, అంతే.”