ఒక ప్రశ్నకు రెండు జవాబులు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన మిషన్ బడి కరస్పాండెంటు పాస్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, చోటు చాలక కిటికీ గట్ల మీద సర్దుకున్న పదో తరగతి పిల్లలకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా జీవశాస్త్రం మాస్టారికి నమస్కారం. పిల్లలు ఆయన్ని ఎముకల మాస్టారు అంటారు. ఆ సంగతి ఆయనకు తెలియదని వాళ్ల ధీమా. (నవ్వులు)

నాకు ఐదు నిమిషాలే ఇచ్చారు కాబట్టి ఆయన గొప్పతనం గురించి చెప్పను, ఒక పరీక్ష పేపరు గురించి చెబుతాను.

నేను ఈ బడిలోనే చదివాను. పదో తరగతిలో, జీవులు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్నకు రెండు జవాబులు రాశాను. ఒకదాని మీద 'పాఠం ప్రకారం' అని, రెండోదాని మీద 'నిజం ప్రకారం' అని శీర్షికలు పెట్టి, రెండింటి కిందా స్కేలుతో గీతలు కూడా కొట్టాను. మొదటిది, జీవపరిణామం, మార్కుల కోసం; రెండోది, ఆరు రోజుల సృష్టి, దేవుడి కోసం. మాస్టారు మొదటిదానికి పూర్తి మార్కులు వేసి నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు.

"జవాబు బాగుందమ్మా. రాసినమ్మాయే దాని పక్షాన లేదు" అన్నారు.

తర్వాత బీరువాలోంచి గబ్బిలం రెక్క, పిల్లి ముంగాలి ఎముకలు తీసి, నా చెయ్యి పక్కన పెట్టి చూడమన్నారు. పైన ఒక ఎముక, కింద రెండు, ఆ తర్వాత మణికట్టు, వేళ్లు. మూడింటికీ అదే వరస. ఇది దేవుడి సంతకమా అండీ అని ఆశగా అడిగాను. "ఎముకల్లో దేవుణ్ణి వెతక్కు. అక్కడ చుట్టరికమే కనిపిస్తుంది. నేను దేవుణ్ణి నమ్మింది ఎముకలు చూసి కాదు" అన్నారు.

మా నాన్న తాపీ మేస్త్రీ. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషిని నేనే. నాకు చదవడం వచ్చిన ఏడాది నుంచి, నాన్న పనికి బయల్దేరే ముందు బైబిలు వాక్యం చదివి వినిపించడం నా వంతు. మొదటి జవాబే నిజమని తోస్తోందని నాన్నకు నేనే చెప్పాను. ఆయన కేకలేయలేదు. "ఇక నువ్వు చదవొద్దమ్మా. చదివే నోరు నమ్మనప్పుడు వినే చెవికి ఏం దక్కుతుంది?" అన్నాడు.

పదకొండు వారాలు మా ఇంట్లో వాక్యం వినపడలేదు. నాన్న ఆ వేళకు వచ్చి కూర్చుని, లేచి పనికి వెళ్లేవాడు.

ఈ సంగతి తెలిసి మాస్టారు మా ఇంటికి వచ్చారు. వాదన పెట్టుకుంటారనుకున్నాను. పెట్టుకోలేదు. నాన్నే సూటిగా అడిగాడు.

"మా పిల్లకి నమ్మకం పోయిందాండీ?"

"ఆ మాట ఆ పిల్లనే అడగాలి."

నాన్న నా వైపు తిరిగాడు.

"నమ్ముతున్నా నాన్నా. కాకపోతే దేవుడు తొందరపడలేదని కూడా నమ్ముతున్నా."

"అయితే మా తాత కోతేనంటావు."

మాస్టారు ఉండబట్టలేకపోయారు. "కోతి తాత కాదు మేస్త్రీ గారూ. కోతికీ మనకీ తాత ఒకడే."

"ఇది మరీ అన్యాయం సార్. తాతైతే ఎప్పుడో పోయాడని ఊరుకోవచ్చు. దాయాదైతే వాటాకొస్తాడు." (నవ్వులు)

మూడో వరసలో ఉన్నాడు మా నాన్న. ఆయన మాత్రం అప్పుడూ నవ్వలేదు, ఇప్పుడూ నవ్వడం లేదు.

మర్నాడు పొద్దున్న గ్రంథం నా ముందు పెట్టి, "సృష్టి కాణ్ణించి చదువు" అన్నాడు. చదివాను. ఆయన వినలేదు, నా మొహం చూస్తూ కూర్చున్నాడు. అంతా అయ్యాక, జంతువులను పుట్టించమని దేవుడు భూమికి చెప్పే చోటు మళ్లీ చదివించుకున్నాడు. "అంటే పని నేలకి అప్పజెప్పాడు. అప్పజెప్పిన పని నిదానంగానే అవుతుంది. రేపు మిగతాది చదువు" అన్నాడు.

దీంతో అన్నీ తేలిపోయాయని చెప్పను. మీకెప్పుడూ సందేహం రాలేదా అని పోయిన నెల మాస్టారిని అడిగాను. "ఎన్ని జాతులు నామరూపాల్లేకుండా పోయాయో చదివినప్పుడల్లా వస్తుంది. ఆ ఆదివారం చర్చికి కాస్త ముందే వెళ్లి కూర్చుంటాను" అన్నారు.

పాస్టరు గారూ, మాస్టారు వెళ్లాక ఆ పరిణామం పాఠం పిల్లలు ఇంట్లో చదువుకుంటే సరిపోతుంది కదమ్మా అని మొన్న మీరు ఆప్యాయంగానే అడిగారు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించాను. ఇంట్లో ఒక్కతే కూర్చుని చదివే పిల్ల తన సందేహం ఎవరిని అడుగుతుంది? అందుకని సోమవారం మూడో పీరియడులో ఆ పాఠం నేను చెబుతున్నాను. మీకు కోపం వస్తే నా మీదే రావాలి, మాస్టారి మీద కాదు. ఆ గంట మీరూ వచ్చి కూర్చోవాలని మనవి. మా నాన్న వస్తానన్నాడు. ఆయన అడగాల్సినవి ఇంకా ఉన్నాయట.

మాస్టారూ, మీరు మాత్రం రాకండి. మీరు గదిలో ఉంటే ప్రతి మాటకూ మీ వంక చూస్తాను. ఈ ఒక్క పాఠం నేను ఎవరి వంకా చూడకుండా చెప్పాలి.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.