అన్నయ్య సంతకం

మధ్యాహ్నం. దర్జీ కొట్టు. మిషను ముందు అన్న, బల్లకు ఇవతల ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చెల్లెలు. మధ్యలో ఒక కాగితం.

“చదివావా లేదా?”

“చదువుతాను. ఈ కాలరు అయిపోనీ.”

“పొద్దున వచ్చినప్పుడూ కాలరే అన్నావు.”

“అది వేరే చొక్కా.”

“నాలుగింటికి ఆఫీసు కిటికీ మూసేస్తారన్నయ్యా. ఇవాళే ఆఖరు.”

“ఓటు లేకపోతే ఇప్పుడేం కొంప మునిగింది? మీ ఆయన పోయాక తిన్నావా అని అడిగినవాడు లేడు. ఓట్లవాళ్ళు అడుగుతారా?”

“ఓటున్న గుమ్మం తొక్కుతారు, లేని గుమ్మం దాటిపోతారు. మూడు నెలలుగా మా కొళాయిలో చుక్క లేదు. పక్కింటామె చెబితే ఆవిడది బాగుచేశారు. నేను చెబితే జాబితాలో నీ పేరు లేదమ్మా అన్నారు.”

“ఇదివరకు వేసేదానివిగా.”

“తొమ్మిదిసార్లు వేశాను. ఆయన పోయాక ఇల్లు మారానుగా, పేరు మళ్ళీ రాయించుకోవాలి. ఇప్పుడు రాయాలంటే ఈ దేశంలో పుట్టినట్టు కాగితం తెమ్మంటున్నారు. తొమ్మిదిసార్లూ నేనెక్కడ పుట్టానో ఎవరికీ పట్టలేదు.”

“పుట్టిన కాగితం లేదా?”

“తెలియనట్టు అడుగుతావేం? నువ్వు ఆసుపత్రిలో పుట్టావు, నీకుంది. మన చిన్నోడూ నేనూ ఇంట్లో పుట్టాం, మాకెక్కడిది? లేనివాళ్ళకి తోడబుట్టినవాళ్ళు ప్రమాణం చేస్తే చాలట. ఈమె నా తల్లి కడుపున, ఈ ఊళ్ళోనే పుట్టింది, నాకు ఎరుకే అని సంతకం. అంతే.”

“కళ్ళజోడు ఇంట్లో మరిచాను.”

“నెత్తిమీద ఉంది.”

“ఊఁ.”

“చదువు.”

“కింద చిన్నక్షరాల్లో ఏదో ఉంది. అబద్ధమైతే జైలని.”

“అబద్ధమైతే కదా.”

“జైలంటే మాటలా?”

“మిషను ఆపు అన్నయ్యా. కుట్టేదేం లేదు, సూదిలో దారం కూడా లేదు.”

“ఆపాను. చెప్పు.”

“నువ్వు సంతకం పెడితే ఇంకో చిక్కు తీరిపోతుందట. అమ్మ మేస్టారి చేత రాయించి పెట్టెలో దాచిన మన పుట్టిన తారీకుల కాగితం ఉందే, అది కూడా ఇచ్చాను. గుమాస్తా చూసి నవ్వాడు. చిన్నోడికీ నీకూ ఐదు నెలలే తేడా, ఒక్క తల్లికి ఎలా కుదిరిందమ్మా అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“మా అమ్మకి లెక్కలు రావు బాబూ అన్నాను. నిజమేగా?”

“టీ తెప్పించనా?”

“వద్దు. నిజమేగా?”

“అమ్మకి లెక్క తప్పదు. ఏ కోడిని ఏ రోజు పొదగేసిందో ఏడాది తర్వాత అడిగినా చెప్పేది.”

“మరి?”

“చిన్నోడి తారీకు సరైనదే.”

“నాది తప్పా?”

“నీదీ సరైనదే. ఇంటికొచ్చిన తారీకు.”

“ఎవరింటికి?”

“మనింటికి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ స్టేషను ఊడ్చేదిగా, నేను వెంట ఉండేవాణ్ణి. బండి కదిలిపోయాక చూస్తే బెంచీ మీద నువ్వున్నావు. దుప్పటిలో చుట్టి. చీపురు పక్కన పెట్టి అమ్మ సాయంత్రం దాకా నీ దగ్గరే కూర్చుంది. ఎవరూ రాలేదు. చిన్నోడింకా పాలు తాగుతున్నాడు. నీకూ ఇచ్చింది. మర్నాడు మేస్టారి చేత తారీకు రాయించి, నా చేత ఒట్టు వేయించుకుంది.”

“నాన్న?”

“ఎవరని కూడా అడగలేదు. ఉయ్యాలకి పెద్ద చీర కట్టాడు, ఇద్దరూ పట్టాలని.”

“చిన్నోడికి తెలుసా?”

“తెలియకుండానే పోయాడు.”

“మా ఆయనకి?”

“ఎవరికీ తెలియదు. యాభై నాలుగేళ్ళు నోట్లోనే పెట్టుకున్నాను. నా చెల్లెలివా అని అడిగితే పది సంతకాలు పెడతానమ్మా. కడుపున పుట్టిందని రాశారే, ఇదిగో, ఇక్కడ.”

“కనబడుతోంది.”

“ఏదైనా అను. తిట్టు.”

“ఎన్నింటికయింది?”

“మూడుంబావు.”

“ఇక్కణ్ణుంచి ఆఫీసు పావుగంట.”

“చెల్లీ.”

“మన స్టేషనులో సరిహద్దు అవతలి నుంచి వచ్చే బళ్ళు కూడా ఆగేవి కదా?”

“ఆగేవి. అటువీ, ఇటువీ.”

“ఆ బండి ఎటు నుంచి వచ్చింది అన్నయ్యా?”