గుంట లేని చోట జెండా

వేసవి పనుల కోసం గన్నవరం దగ్గరి గోల్ఫ్ మైదానాన్ని నెల రోజులు మూసేశారు. పొద్దుటినించీ రోలరు తోలిన శేషగిరి షెడ్డు నీడన మజ్జిగ తాగుతుంటే, గడ్డి పని చూసే జమాల్ బీ వచ్చి నిలబడింది.

"శేషగిరీ, చెరువు పక్కన ఓ ఎర్రజెండా ఉండాలి. ఏది?"

"జెండాలన్నీ పీకెయ్యమన్నారుగా అక్కా. పీకేసి లోపల పెట్టాను."

"బంతి పడే గుంటల దగ్గరవి పీకమన్నారు. దాని కింద గుంట లేదు కదా."

"లేదు."

"గుంట లేని చోట జెండా ఎందుకుందా అనుకోలేదా?"

"అనుకున్నాను." అతను గ్లాసు కింద పెట్టాడు. "నిన్నడగాలంటే ఎండలో అంత దూరం నడవాలని ఊరుకున్నాను. ఎందుకు పెట్టావక్కా?"

"తీతువు పిట్ట అక్కడ నేల మీదే గుడ్లు పెడుతుంది. రోలరు తోలేవాళ్లు పక్కనించి పోతారని ఏటా నేనే జెండా గుచ్చుతాను. ఇప్పుడెళ్లి చూస్తే పెంకులే ఉన్నాయి."

శేషగిరి రోలరు వైపు చూడలేకపోయాడు.

"కొత్తగా వచ్చావు, నీకేం తెలుసులే," అంది ఆమె. "మట్టిరంగు గుడ్లు, కనపడవు కూడా. కానీ పిట్ట అరిచుండాలే. అరవలేదా?"

"అరిచింది. నా నెత్తిమీదే తిరుగుతా అరిచింది."

"మరి ఆపలేదా?"

"తీతువు అరిస్తే చావుకబురంటారు కదక్కా. మా ఇంట్లో ఎవరికేం మూడిందోనని భయమేసి, ఇంకా తొందరగా తోలేశాను."